పింఛను బ్లేడు

ఈమధ్య తాడేపల్లిగూడెంలో కొత్తగా వర్క్‌షాపు పెట్టుకున్న అన్నదమ్ములిద్దరు ఫోన్ చేసి, అల్యూమినియం కడ్డీలు కొయ్యడానికి రంపానికి ఏ బ్లేడు వెయ్యాలి అని అడిగారు. జవాబు రెండు ముక్కల్లో చెప్పెయ్యొచ్చు. కానీ ఆ రెండు ముక్కలు నా తలకెక్కడానికి దాదాపు ముప్పై ఏళ్ళ సర్వీసు పట్టింది. అది చాలక, నావల్ల ఇంకో మనిషి ఉద్యోగం పోయేదాకా వచ్చింది. ఫోన్లో చెబితే బ్లేడు సంగతి ఒక్కటే చెప్పి మిగతాది మింగేస్తానని నా మీద నాకే అనుమానం. అందుకని రాస్తున్నాను.

మాది పెంటపాడు. ఇంట్లో అందరూ పౌరోహిత్యమో, బడిపంతులు ఉద్యోగమో చేసినవాళ్ళే. నేనొక్కణ్ణే ఐటీఐ చదివి రంపం పట్టాను. మా నాన్నగారు కొన్నాళ్ళు బెంగపెట్టుకుని, తర్వాత ఆయనే సైకిల్ మీద, తాడేపల్లిగూడెంలో నేను చేరిన వర్క్‌షాపు దాకా దిగబెట్టేవారు. అక్కడ నన్ను అందరూ 'పంతులుగారు' అనేవారు. పొద్దున్నే మెషిన్లు ఆన్ చెయ్యకముందు అగరొత్తి వెలిగించి, ఒక్కోదానికీ బొట్టు పెట్టే పని కూడా నాకే అప్పజెప్పారు. సెలవు పెట్టిన రోజున ఆ బొట్టు ఎవరూ పెట్టేవారు కాదు. దానివల్ల మెషిన్లకు ఏ లోటూ వచ్చినట్టు కనిపించలేదు.

నా చేతికింద ఉండేది బ్యాండ్‌సా. గుండ్రంగా తిరిగే పొడవాటి పట్టీ బ్లేడు, కింద కడ్డీని బిగించే వైస్. కొయ్యాల్సిన ఇనుమంతా నా దగ్గరికొచ్చి ముక్కలై, వాటిని తిప్పుతూ కొలతకు చెక్కే లేత్ మెషిన్ మీదకు వెళ్ళేది. బ్లేడ్ల స్టాకు కూడా నా అధీనంలోనే. అక్కడే నా గొప్పంతా ఉండేది. మా షాపులో బ్లేడు కొత్తగా వచ్చినప్పుడు దానికి పసుపూ కుంకుమా పెట్టి, గట్టి స్టీలు షాఫ్టు మీద మొదటి కోత కోసేవాణ్ణి. అక్కడ మొద్దుబారాక మామూలు ఇనుము. అక్కడా పనికిరాదనిపించాక అల్యూమినియం. మెత్తటి లోహమే కదా, అరిగిన పళ్ళు చాలవా అని లెక్క. ఇంట్లో పెద్దాడి చొక్కా చిన్నాడికి దిగినట్టు దిగేది. అల్యూమినియం కోసే బ్లేడుకి మా వాళ్ళు 'పింఛను బ్లేడు' అని పేరు పెట్టారు. గోడకు మూడు మేకులు కొట్టి, ఏది ఏ ఉద్యోగంలో ఉందో సుద్దముక్కతో రాసి ఉంచేవాణ్ణి. మా ఓనరుగారు వచ్చినవాళ్ళందరికీ ఆ మేకులు చూపించి, "మా పంతులుగారి పొదుపండి ఇది" అనేవారు. ఆ మాట వింటే నాకు ఆ పూట అన్నం ఎక్కువ తినబుద్ధయ్యేది.

అన్నాళ్ళూ ఇబ్బంది రాకపోవడానికి కారణం ఉంది. మా దగ్గరికొచ్చే అల్యూమినియం అంతా కిటికీ చట్రాల పట్టీలు, సన్న గొట్టాలు. వాటిని ఏది పెట్టి కోసినా తెగుతాయి. నేను మాత్రం అదంతా నా చేతి చలవ అనుకున్నాను.

రిటైరవడానికి ఆరేళ్ళ ముందు సంగతి. మండవల్లి వైపు నుంచి ఒక చెరువుల రైతు వచ్చారు. కొల్లేరు అంచున చేపల చెరువులు ఆయనవి. బొచ్చె, శీలావతి పెంచుతారు. నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరియేటర్ చక్రాలుంటాయి కదా, వాటి మధ్యలో ఇరుసు దూరే హబ్‌లు ప్లాస్టిక్‌వి వేస్తే రెండో ఏటికే పగిలిపోతున్నాయని, అల్యూమినియం కడ్డీ నుంచి తీసి చెయ్యమని అడిగారు. తేలిగ్గా ఉండాలి, తుప్పు పట్టకూడదు, ఎండలు ముదరకముందు అందాలి. ఎండాకాలం నీళ్ళు వేడెక్కితే చేపలకు గాలి చాలదు. మొత్తం నలభై హబ్‌లు. కడ్డీలు బయటినుంచి తెప్పించారు, మణికట్టు కన్నా లావు. నలభైకి బొటాబొటిగా సరిపోను వచ్చాయి, ఇంకొకటి కావాలంటే నెల పడుతుందన్నారు.

లేత్ మీద ఉండే మనిషి ఏలూరు నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. నాకన్నా పదిహేనేళ్ళు చిన్న. అందరం 'భాయ్' అనేవాళ్ళం. వాళ్ళ నాన్న ఏలూరులో వడ్రంగుల రంపాలకు పళ్ళు నూరేవాడు. కరెంటు రంపాలొచ్చాక ఆ పెద్దాయనకు పని బాగా తగ్గిపోయి, ఇల్లు మొత్తం భాయ్ లేత్ మీదే నడుస్తోందని మా అందరికీ తెలుసు. భాయ్ పనిమంతుడు. మాట తక్కువ. మధ్యాహ్నం డబ్బా విప్పితే మొదట ఎదుటివాడికి పెట్టి తను తినేవాడు. నేను మాంసం తిననని నాకోసం వేరే చిన్న గిన్నెలో వంకాయ కూర తెచ్చిన రోజులున్నాయి.

మూడో మేకు మీది పింఛను బ్లేడు తీసి కడ్డీ మీద పెట్టాను. అంగుళానికి పద్నాలుగు పళ్ళు, అవీ అరిగినవి. కొంత దూరం కోసి ఆగిపోయింది. తీసి చూస్తే పళ్ళ సందుల్లో అల్యూమినియం ముద్దలా మెత్తుకుపోయి ఉంది, పన్నుకీ పన్నుకీ తేడా తెలియడం లేదు. బ్రష్ పెట్టి గీకి మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఆగింది. అప్పుడు నేనొక తెలివైన పని చేశాను. బ్లేడుతో పాటు కిందికి దిగే రంపం చేతికి ఒక ఇనుప దిమ్మె వేలాడదీశాను. బరువు పడితే దిగక ఏం చేస్తుందని. దిగింది. కానీ నిలువుగా దిగలేదు, పక్కకు ఒరిగి దిగింది. ముక్కను బల్ల మీద నిలబెడితే ఒకవైపు వాలింది. పర్వాలేదు, లేత్ మీద సాపు చేస్తారులే అనుకున్నాను.

మొదటి నాలుగు ముక్కలు చూడగానే భాయ్ నా దగ్గరికొచ్చి, పొడవు ఇంకొంచెం ఎక్కువ వదలమని అడిగాడు. వాలుగా ఉన్న చివరల్ని సాపు చెయ్యాలంటే నేను వదిలిన రెండు మిల్లీమీటర్లు చాలవన్నాడు. ఎక్కువ వదిలితే కడ్డీలు నలభైకి సరిపోవని నా బాధ. చెయ్యి తిరిగినవాడికి రెండు చాలు భాయ్ అని నవ్వి పంపేశాను. పదహారు హబ్‌లు అలాగే తయారై మండవల్లి వెళ్ళాయి.

వారం తిరక్కుండా, ఒక శనివారం మధ్యాహ్నం రైతుగారు ఒక హబ్ ఊడదీసి చేతిలో పట్టుకుని వచ్చారు. మనిషి మర్యాదస్తుడు, అరవలేదు. చక్రాలు ఇరుసు మీద అటూ ఇటూ జరుగుతూ టకటక కొట్టుకుంటున్నాయని, లోపల హబ్‌నీ ఇరుసునీ కలిపి పట్టే కీ ముక్క అరిగిపోతోందని చెప్పారు. ఓనరుగారు కొలిచి చూశారు. ఉండాల్సిన పొడవు కన్నా మూడు మిల్లీమీటర్లు తక్కువ. లేత్ దగ్గర నుంచి భాయ్‌ని పిలిచారు.

ఆఫీసు గదిలో నేను కూడా ఉన్నాను. స్టాకు పుస్తకం పట్టుకుని గోడవారగా నిలబడ్డాను.

"ఏంటిది భాయ్? డ్రాయింగ్‌లో కొలత రాసిచ్చాం గదా," అన్నారు ఓనరుగారు.

భాయ్ ఆ ముక్కను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. నా వైపు చూస్తాడేమోనని స్టాకు పుస్తకాన్ని ఇంకాస్త దగ్గరికి పట్టుకున్నాను. అతను చూడలేదు.

"చివరలు సాపు చేసేసరికి ఇంతే మిగిలిందండి," అన్నాడు.

ఎందుకు మిగల్లేదని ఓనరుగారు అడగలేదు. లేత్ మీద కొలత తప్పితే లేత్ మనిషిదే బాధ్యత, అది ఏ షాపులోనైనా ఉన్న పద్ధతే. రైతుగారు వెళ్ళిపోయాక, సోమవారం వచ్చి పని అప్పజెప్పి వెళ్ళమని భాయ్‌కి చెప్పేశారు. విజయవాడ నుంచి వేరే మనిషి వస్తాడట. ఆ తర్వాత నా వైపు తిరిగి, "మీరన్నా జాగ్రత్తగా ఉండబట్టి కడ్డీలు మిగిలాయి పంతులుగారూ," అన్నారు. మాట పెగల్లేదు అని రాస్తే మీరు జాలిపడతారు గానీ, నిజం అది కాదు. పెగిలేదే. గోడ మీద మూడు మేకులు కనిపిస్తుంటే నేనే పెగలనివ్వలేదు.

ఆదివారం పొద్దున మా ఆవిడ రెండుసార్లు అడిగింది, ఒంట్లో బాగాలేదా అని. మూడోసారి అడక్కముందే సంచిలో ఒక వాలు ముక్క, అరచెయ్యంత పింఛను బ్లేడు తునక వేసుకుని ఏలూరు రైలెక్కాను. ఆ ముక్క భాయ్‌కి ఇవ్వకుండా పక్కన పెట్టినది. మరీ వంకరగా తెగితే దాచేశాను. ఎందుకు వెళ్తున్నానో నాకే స్పష్టంగా తెలీదు. క్షమాపణ అడగాలని ఉంది, అడిగేదేమిటో పైకి చెప్పకుండా అడిగితే బాగుండునని కూడా ఉంది.

భాయ్ ఇంట్లో లేడు. పాల ప్యాకెట్టు కోసం వెళ్ళాడన్నారు. వాళ్ళ నాన్నగారు వరండాలో పీట మీద కూర్చుని, రెండు చెక్కల మధ్య బిగించిన ఒక పాత రంపానికి ఆకురాయితో పళ్ళు నూరుతున్నారు. నేను షాపులో మనిషినని చెప్పగానే లేవబోయారు. వద్దని బతిమాలి పక్కన కూర్చున్నాను. ఊరికే కూర్చోలేక సంచిలోంచి ఆ ముక్కా, బ్లేడు తునకా తీసి చూపించాను. లోపల ఒక చిన్న గర్వం కూడా ఉందేమో, చెప్పకపోతే తప్పు. కర్ర రంపాలు నూరే మనిషికి లోహం సంగతి ఏం తెలుస్తుందిలే అని.

ఆయన ముక్క చివర వేలితో తడిమారు. తర్వాత బ్లేడు తునకను వెలుతురుకు పట్టి, పళ్ళ సందుల్లో గట్టిపడిన అల్యూమినియాన్ని గోటితో గిల్లబోయారు. అది రాలేదు.

"మావాడి ఉద్యోగం పోయింది దీనిగురించేనాండి?"

అవునన్నాను.

"ఇది లేత్‌లో తప్పు కాదండి. రంపంలో తప్పు. ఎండిన టేకుకి సన్నపళ్ళు పెట్టొచ్చండి, పొట్టు పొడిగా రాలిపోద్ది. పచ్చి కొబ్బరి దుంగకి పెట్టారనుకోండి, పొట్టు ముద్దకట్టి సందుల్లో కూర్చుంటది. ఇంక పళ్ళెక్కడున్నాయండి? నున్నటి పట్టీ అయిపోద్ది. మీరు బరువేస్తారు. అది పక్కకి పోద్ది. మెత్తటిదానికి పళ్ళు తక్కువుండాలండి, సందు పెద్దదుండాలి, పదును మటుకు కొత్తదై ఉండాలి. పొట్టుకి చోటివ్వాలి గదండీ."

నేను బరువు వేసిన సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ముక్కను తడిమి తెలుసుకున్నారు. ముప్పై ఏళ్ళుగా నేను పింఛనుకు పంపిన బ్లేడ్లన్నీ నా కళ్ళ ముందు వరసగా తిరిగాయి.

"కోసినాయన ఎవరండి?" అన్నారు ఆయన మామూలుగా.

అప్పటికి భాయ్ పాల ప్యాకెట్టుతో గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడి ఉన్నాడు. నేను అతన్ని చూశాను.

"నేనేనండి," అన్నాను.

పెద్దాయన ఆశ్చర్యపోలేదు, కోప్పడనూ లేదు. ఎవరు కోశారో తెలిస్తే బాగుచేసుకోవచ్చు లెండి అని, నాకు టీ ఇమ్మని లోపలికి చెప్పారు. తను ఆకురాయికి అంటుకున్న రజను దులిపి, అరుగు మీదున్న కొవ్వొత్తి ముక్క నాకిచ్చారు. కోసేటప్పుడు బ్లేడుకు మధ్యమధ్య రాస్తే అంటుకోదట. భాయ్ మాత్రం టీ అందిస్తూ, పంచదార తక్కువే వేశామండి, మీరు తగ్గించారు గదా అన్నాడు. నాలుగు తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

సోమవారం పొద్దున్న మామూలుగానే అగరొత్తి వెలిగించాను. బీరువాలోంచి కొత్త బ్లేడు తీశాను. లావుపాటి స్టీలు షాఫ్టుల కోసం తెప్పించినది, అంగుళానికి నాలుగే పళ్ళు. దానికి పసుపూ కుంకుమా పెట్టి బ్యాండ్‌సాకు ఎక్కించాను. వైస్‌లో అల్యూమినియం కడ్డీ బిగించాను. మా షాపు పుట్టాక కొత్త బ్లేడు కింద అల్యూమినియం పడుకోవడం అదే మొదలు. పక్క మెషిన్ల వాళ్ళు పని ఆపి చూస్తున్నారు. ఓనరుగారు ఆఫీసు గదిలోంచి బయటికొచ్చారు. అప్పుడే రైతుగారి వ్యాను కూడా గేటులోకి వచ్చింది, ఊడదీసిన పదహారు హబ్‌లతో. భాయ్ తన పనిముట్లు తుడిచి డబ్బాలో సర్దుకుంటున్నాడు.

"పంతులుగారూ, అది షాఫ్టులకి తెచ్చిన బ్లేడు గదండీ," అన్నారు ఓనరుగారు.

ముందు రాత్రంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"తప్పు లేత్‌ది కాదండి, నాది. అరిగిన బ్లేడుతో కోసి ముక్కలు వాలుగా ఇచ్చాను. ఎక్కువ వదలమని భాయ్ అడిగాడు, నేనే వదల్లేదు. శనివారం ఇక్కడే నిలబడి కూడా చెప్పలేదు. పంపించాలంటే నన్ను పంపించండి."

ఓనరుగారి కళ్ళు గోడ మీది మేకుల దగ్గరికి వెళ్ళి, సుద్దతో రాసిన అక్షరాల మీద ఆగి, తిరిగి నా మీదకొచ్చాయి. ఎంతమందికి చూపించి ఉంటారు వాటిని.

"ముందు కొయ్యండి చూద్దాం," అన్నారు.

దిమ్మె తీసేశాను. పెద్దాయన ఇచ్చిన కొవ్వొత్తి బ్లేడుకు రాసి మెషిన్ ఆన్ చేశాను. కొత్త పళ్ళు కదా, మొదట్లో బరువు పడకుండా చేత్తో ఆపి ఆపి దింపాను. పొట్టు ముద్ద కట్టలేదు. కొబ్బరి కోరులా విడివిడిగా రాలింది. అంతకుముందు ఒక్కో ముక్కకు పట్టిన సమయంలో పావు వంతు కూడా పట్టలేదు. ముక్క తెగిపడగానే ఓనరుగారే తీసి బల్ల మీద నిలబెట్టారు. నిటారుగా నిలబడింది. మూలమట్టం ఆనించి చూశారు. మధ్యలోంచి వెలుతురు రాలేదు.

కానీ మంచి ముక్కలు తెగినంత మాత్రాన పొట్టిగా తయారైన పదహారూ పెరగవు. వాటికి బదులు చెయ్యడానికి కడ్డీ లేదు. రైతుగారు ఎండలోకి చూస్తూ, ఇంక పది రోజులు ఆగితే చెరువు నాకు మిగలదండి అన్నారు. అందరం ఆ హబ్‌ల చుట్టూ నిలబడ్డాం. అప్పుడు భాయ్ పనిముట్ల డబ్బా మళ్ళీ తెరిచి, కొలత సాధనం తీసి ఒక్కో హబ్ కొలిచి, సుద్దతో దాని మీదే ఎంత తక్కువో రాయడం మొదలుపెట్టాడు. అన్నీ రాశాక నా దగ్గరికొచ్చాడు.

"కడ్డీల చివర మిగిలిన తోకలున్నాయి గదండీ. అయిదేసి మిల్లీమీటర్ల బిళ్ళలు కోసివ్వగలరా? ఉంగరాల్లా చేసి ఇరుసు మీద హబ్ పక్కన మిగిలిన సందులో వేసేద్దాం."

శనివారం దాకా నా రంపం అయిదు మిల్లీమీటర్ల బిళ్ళ కోస్తే అది ఒకవైపు మందంగా, ఇంకోవైపు రేకులా వచ్చేది. ఆ రోజు పదహారు బిళ్ళలు కోశాను, ఒక్కటీ వాలలేదు. భాయ్ ఒక్కోదాన్నీ దాని హబ్‌కి తగ్గ మందానికి తీసి, జతగా దారంతో కట్టి పెట్టాడు. మధ్యాహ్నం భోజనాలకు ఎవరూ లేవలేదు. సాయంత్రానికి పదహారు జతలూ వ్యాన్ ఎక్కాయి. మిగతా ఇరవై నాలుగూ ఆ వారంలోనే పూర్తయ్యాయి, కడ్డీలో ఇంకా బెత్తెడు మిగిలింది కూడా.

వ్యాను వెళ్ళాక ఓనరుగారు విజయవాడకు ఫోన్ చేసి, మనిషి అక్కర్లేదని చెప్పారు. భాయ్ దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి ఏదో అన్నారు, నాకు వినబడలేదు. తర్వాత నా దగ్గరికొచ్చి, గోడ మీది మేకులు మూడూ ఆయనే పీకి నా చేతిలో పెట్టారు. "మీ పింఛను ఆఫీసు ఈ రోజుతో మూసేశామండి," అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నన్ను పంపించే మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ తర్వాత ఆరేళ్ళూ కొత్త బ్లేడు ముందు అల్యూమినియం కోసి, పదును తగ్గాకే ఇనుము దగ్గరికి దిగేది. పద్నాలుగు పళ్ళది సన్న గొట్టాలకు మాత్రమే. మీకు కావలసిన రెండు ముక్కలు ఇవేనర్రా: లావు కడ్డీకి తక్కువ పళ్ళు, పెద్ద సందులు, మెత్తటిది కదా అని మొద్దు బ్లేడు పెట్టకండి. దగ్గరలో ఒక కొవ్వొత్తి ఉంచుకోండి.

హబ్‌లన్నీ అందిన పది రోజులకు రైతుగారు నన్నూ భాయ్‌నీ చెరువు చూడ్డానికి రమ్మన్నారు. పగటి ఎండ నెత్తిన మండుతోంది. చక్రాలన్నీ ఒక్క చప్పుడూ లేకుండా నీళ్ళను ఎగజిమ్ముతున్నాయి. ఆ తుంపర మధ్య బొచ్చెలు వెన్ను చూపించి మునుగుతున్నాయి. రైతుగారు మజ్జిగ కోసం షెడ్డులోకి వెళ్ళారు. మేమిద్దరం గట్టు మీద నిలబడ్డాం. చాలా రోజులుగా అడగాలనుకున్నది అప్పుడు అడిగాను.

"తప్పు నాదని నీకెప్పుడు తెలిసింది భాయ్?"

"మొదటి ముక్క చేతిలో పెట్టుకోగానే తెలిసిందండి. రంపాలు నూరే ఇంట్లో పుట్టాను గదా."

"మరి శనివారం ఆయనకి ఎందుకు చెప్పలేదు?"

భాయ్ చక్రాల వైపు చూస్తూ, తేలిగ్గా అన్నాడు.

"మీరు పక్కనే ఉన్నారు గదండీ. మీరే చెప్తారనుకున్నాను."

మజ్జిగ వచ్చింది. తాగాం. నేను గ్లాసు దించలేక రెండోసారి కూడా పోయించుకున్నాను.

భాయ్ ఇప్పుడు ఆ షాపులో ఫోర్‌మన్. ఆదివారాలు ఒక్కోసారి పెంటపాడు వస్తాడు, మా ఆవిడ వంకాయ కూర డబ్బాలో కట్టి ఇస్తుంది. ఏలూరు తీసుకెళ్ళిన ఆ వాలు ముక్క నా రాతబల్ల మీద ఉంది. కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకున్నాను. ఇది రాస్తూ మధ్యలో ఆగి ఆలోచించినప్పుడల్లా పెన్ను దాని మీద పెడతాను. ఒక్క క్షణం నిలిచి, జారి నా ఒళ్ళో పడుతుంది.